వుడ్, కుడ్, విష్: శ్రీకాకుళంలో దొరికే 64 పేజీల స్పైరల్ నోట్సు ఎంతవరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో పేర్చి ఉండే స్పైరల్ నోట్సుల్లో డీఎస్సీవీ, గ్రూప్స్‌వీ, బ్యాంకు పరీక్షలవీ ఎక్కువ. వాటి మధ్య పలచగా, నీలం అట్టతో కనిపించేది ఈ స్పోకెన్ ఇంగ్లిష్ నోట్సు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ‘ఐ విష్ ఐ వుడ్ స్పీక్ ఇంగ్లిష్ ఫ్లుయెంట్లీ’ అని ఉంటుంది. ఊళ్లోని ఒక చిన్న కోచింగ్ సెంటరు దీన్ని వేయించింది. సెంటరు పేరుతో ఇక్కడ పని లేదు. ఇందులో కనిపించే మంచీ చెడూ ఈ రకం నోట్సులు చాలావాటిలో ఉన్నవే.

విడిగా కొంటే 80 రూపాయలు. 12 క్లాసుల బ్యాచ్‌లో చేరితే 900, నోట్సు అందులోనే కలిపి ఇస్తారు. విషయం ఒక్కటే: ఇంగ్లిష్‌లో మర్యాదగా అడగడం, కోరుకోవడం. 30 రోజుల్లో భాష మొత్తం వచ్చేస్తుందని మాటివ్వకుండా ఈ ఒక్క పని పెట్టుకోవడమే దీని మొదటి గుణం. ఎచ్చెర్ల వైపు కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు, విశాఖ హోటళ్లలో ఫ్రంట్ ఆఫీసు పనికి వెళ్లేవాళ్లకు, ఓడల మీద ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే కుర్రాళ్లకు గ్రామర్ కన్నా ముందు అడ్డుపడేది ఇదే. వాక్యం తప్పు లేకుండానే వస్తుంది, వినేవాళ్ల మొహం మాత్రం ముడుచుకుంటుంది.

మొదటి 14 పేజీలు అడగడం గురించి. ఒకే కోరికను ఐదు మెట్లుగా బొమ్మ వేశారు. ఎదుటివాళ్ల పెన్ను కావాలి. కింది మెట్టు ‘గివ్ మీ యువర్ పెన్’. దానిపైన ‘కెన్ యూ గివ్ మీ యువర్ పెన్?’ ఆపైన ‘కుడ్ యూ గివ్ మీ...’, ఆపైన ‘వుడ్ యూ మైండ్ గివింగ్ మీ...’, అన్నిటికన్నా పైన ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ గివ్ మీ...’. (తిరిగిచ్చేసే పెన్నుకు ‘గివ్’ కన్నా ‘లెండ్’ సరైన మాట. ఐదు మెట్ల మీదా దిద్దుకోండి.) బొమ్మ బాగుంది, వరస సరిగ్గానే ఉంది. దాని కింద రాసిన ఒక్క వాక్యం మాత్రం పాడుచేసింది: ‘ఏ మెట్టుకైనా ప్లీజ్ చేరిస్తే మర్యాద అవుతుంది’ అట.

అవ్వదు. మన తెలుగువాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. తెలుగులో మర్యాద క్రియ తోకలో ఉంటుంది. ‘ఇవ్వు’కు ‘అండి’ తగిలిస్తే ‘ఇవ్వండి’, అంతటితో గౌరవం పూర్తి. ఇంగ్లిష్ ‘గివ్’కు ఆ తోక లేదు. కలెక్టరుకైనా, కిళ్లీ కొట్టు కుర్రాడికైనా అదే ‘గివ్’. తోక లేని లోటును మనం ‘ప్లీజ్’తో పూడుస్తాం: ‘ప్లీజ్ గివ్ ది ఫారమ్’, ‘ప్లీజ్ కమ్ టుమారో’. మన చెవికి అది ‘ఇవ్వండి’లా వినిపిస్తుంది. అలవాటైన ఇంగ్లిష్ చెవికి మాత్రం ఆజ్ఞకు పూలదండ వేసినట్టుంటుంది, దండ కింద ఉన్నది ఆజ్ఞే. ఇంగ్లిష్‌లో గౌరవం అంటే ఎదుటివాళ్లకు ‘కాదు’ అనే వీలు వదలడం. దానికి రెండు పనులు చెయ్యాలి. వాక్యాన్ని ప్రశ్నగా మార్చాలి, క్రియను ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ‘కెన్’ వెనక్కి వేస్తే ‘కుడ్’, ‘విల్’ వెనక్కి వేస్తే ‘వుడ్’. రూపం భూతకాలానిదే గానీ చెప్పేది గడిచిపోయిన కాలం గురించి కాదు. అడిగేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య కాస్త దూరం పెట్టడం, అంతే.

ఇది మనకు కొత్తేమీ కాదు. ‘ఒక మాట అడుగుదామని వచ్చానండి’ అంటాం. అడుగుతున్నది ఇప్పుడే, ఎదురుగా నిలబడే. అయినా ‘వచ్చాను’ అని వెనక్కి జరుగుతాం. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యూ సంథింగ్’ అన్నదీ ఇదే నడక. మన జిల్లా మాటే తీసుకోండి: ‘ఓపాలి ఆ కాయితం ఇటిత్తారేటండీ?’ ‘ఓపాలి’ పనిని చిన్నది చేస్తుంది, ‘ఏటి’ దాన్ని ప్రశ్నగా తిప్పుతుంది, ‘అండీ’ గౌరవం చేరుస్తుంది. ‘కుడ్ యూ జస్ట్ పాస్ మీ దట్ పేపర్?’ అన్నదానికి దీనికన్నా దగ్గర తెలుగు లేదు. ‘ఓపాలి’ చేసే పని అక్కడ ‘జస్ట్’ చేస్తుంది. నోట్సులో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ ‘మీరు నాకు సహాయము చేయగలరా?’ తరహాలో ఉన్నాయి. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోదే. ఇక్కడ అచ్చయిన పుస్తకంలో ఎవరూ మాట్లాడని తెలుగు ఉండటం ఒక వింత.

వింతతో పోతే ఫర్వాలేదు, దానివల్ల నష్టం కూడా ఉంది. ‘కుడ్ యూ’ను ‘చేయగలరా’ అని బట్టీ పడితే అది శక్తి గురించిన ప్రశ్న అనిపిస్తుంది. ఆ లెక్కన జవాబు ‘యెస్, ఐ కుడ్’ అని వస్తుంది. అది తప్పు. ‘కుడ్ యూ హెల్ప్ మీ?’ అన్నదానికి ‘షూర్’, ‘ఆఫ్ కోర్స్’, ‘యెస్, ఐ కెన్’ అనాలి. అడిగేవాళ్లు వెనక్కి జరుగుతారు, ఒప్పుకునేవాళ్లు జరగనక్కర్లేదు. ‘ఐ కుడ్’ అని ఆపేస్తే ‘చెయ్యొచ్చు గానీ...’ అని నసిగినట్టు వినిపిస్తుంది. ‘కుడ్ యూ’ పక్కన ‘కాస్త చేస్తారా?’ అని రాసుకుంటే ఈ పొరపాటు రాదు.

ఇంకో చిక్కు. 9వ పేజీలో ‘కెన్ యూ అనడం మోటు’ అని పెట్టె కట్టి మరీ హెచ్చరించారు. అది అతి. పక్క సీటు స్నేహితుణ్ని చార్జర్ అడగడానికి ‘కెన్ యూ’ చాలు. అక్కడ ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్...’ అని మొదలుపెడితే వాడు నవ్వుతాడు, లేదా వెటకారం అనుకుంటాడు. మెట్టును ఎంచుకోవాల్సింది మనిషి హోదాను బట్టి మాత్రమే కాదు, అడిగే పని బరువును బట్టి కూడా. ఉప్పు అందించమనడానికి రెండో మెట్టు. తెలియని మనిషిని ఫోటో తియ్యమనడానికి మూడోది. ఆమదాలవలసలో రైలెక్కి, కిటికీ సీటు మార్చుకుంటారా అని అడగడానికి నాలుగోది. మేనేజరును పండక్కి ఐదు రోజుల సెలవు అడగడానికి అయిదోది. పని తేలికై మాట బరువైతే నవ్వులాట, పని బరువై మాట తేలికైతే పొగరు. ఈ లెక్క నోట్సులో ఎక్కడా చెప్పలేదు. క్లాసులో చెబుతారు, అదీ నాలుగో రోజున.

‘వుడ్ యూ మైండ్’కు కేటాయించిన పేజీన్నర చాలదు. జనం ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. ‘మైండ్’ అంటే ఇక్కడ ‘అభ్యంతరం చెప్పడం’. ‘వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ది విండో?’ అంటే ‘కిటికీ తీస్తే మీకేమైనా ఇబ్బందా?’ అని. తియ్యడానికి సిద్ధమైతే జవాబు ‘నో’. మనవాళ్లు వినయంగా ‘యెస్ సర్’ అంటారు. మాట ప్రకారం చూస్తే ‘అవును, నాకు ఇబ్బందే’ అన్నట్టు. చేత్తో కిటికీ తెరుస్తూ అంటే ఎదుటివాళ్లు అర్థం చేసుకుంటారు. ఫోన్లో అయితే ఆ చెయ్యి కనిపించదు. అందుకని ‘నాట్ ఎట్ ఆల్’ అని ఒక్కటి గట్టిగా పట్టుకోండి. అది కుదరనప్పుడు ‘నో ప్రాబ్లమ్’ అన్నా గండం గడుస్తుంది.

దీని నిర్మాణంలోనూ రెండు చోట్ల జారుతారు. పని ఎదుటివాళ్లు చెయ్యాలంటే ‘మైండ్’ తర్వాత ‘ఇంగ్’ రూపం రావాలి: ‘ఓపెనింగ్’, ‘వెయిటింగ్’, ‘రిపీటింగ్’. 12వ పేజీలో అచ్చయిన ‘వుడ్ యూ మైండ్ టు ఓపెన్’ తప్పు. పని మనమే చేస్తూ అనుమతి అడిగితే ‘ఇఫ్’ వస్తుంది: ‘వుడ్ యూ మైండ్ ఇఫ్ ఐ ఓపెన్డ్ ది విండో?’ ముందు ‘వుడ్’ అని వెనక్కి జరిగాం కాబట్టి వెనక క్రియా ‘ఓపెన్డ్’ అని జరుగుతుంది. ‘డు యూ మైండ్’తో మొదలుపెడితే ‘ఇఫ్ ఐ ఓపెన్’ చాలు. మాటల్లో రెంటినీ కలిపేసేవాళ్లు ఇంగ్లిష్‌వాళ్లలోనూ ఉన్నారు. పరీక్షలో, ఇంటర్వ్యూలో మాత్రం జత కలిపి వాడటం మేలు.

‘వుడ్ లైక్’ పాఠం చక్కగా కుదిరింది. హోటల్లో ‘ఐ లైక్ కాఫీ’ అంటే మీ ఇష్టాయిష్టాలు చెప్పినట్టు, సర్వరు విని ఊరుకోవచ్చు. ‘ఐ వుడ్ లైక్ ఎ కాఫీ’ అంటే ఆర్డరు. అలాగే ‘డు యూ లైక్ టీ?’ అన్నది అలవాటు గురించి, ‘వుడ్ యూ లైక్ సమ్ టీ?’ అన్నది ఇప్పుడు తాగుతారా అని. ఇక్కడ ‘ఎనీ’ కాకుండా ‘సమ్’ ఎందుకో కూడా ఒక్క ముక్కలో చెప్పారు: అవునంటారని ఆశిస్తూ అడుగుతాం గనక. చెప్పనిది చెవి సంగతి. మాటల్లో ‘ఐ వుడ్ లైక్’ కుంచించుకుపోయి ‘ఐడ్ లైక్’ అవుతుంది. ఆ ‘డ్’ తర్వాతి ‘ల’లో దాదాపు కలిసిపోతుంది. వినేటప్పుడు ‘ఐ లైక్’ అనిపిస్తుంది, అనేటప్పుడు మనమూ ‘డ్’ మింగేస్తాం. నాలుకను పై పళ్ల వెనక ఒక్క క్షణం ఆపి, అక్కణ్నుంచే ‘ల’ పలికితే రెండూ నిలుస్తాయి.

15వ పేజీ నుంచి 23 దాకా కండిషనల్స్, అంటే ‘ఇలా అయితే అలా’ అనే ‘ఇఫ్’ వాక్యాల పట్టిక: జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్. తొమ్మిది పేజీలు. ఇంటర్ గ్రామర్ పుస్తకంలో ఉన్నదే తిరిగి టైపు చేశారు. ‘ఇఫ్ ఐ వర్ ఎ బర్డ్’ కూడా ఉంది, పాపం ఆ పిట్టకు ఇంకా రిటైర్మెంట్ రాలేదు. ఈ పేజీలు దాటేసినా నష్టం లేదు, 20వ పేజీలోని నల్లపెట్టె ఒక్కటి తప్ప: ‘ఇఫ్ పక్కన విల్, వుడ్ ఎన్నడూ రావు’. ఈ సూత్రం సగం నిజం. ‘ఇఫ్ ఐ విల్ గో’, ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ’ లాంటి తప్పుల్ని ఆపడానికి పనికొస్తుంది. అయితే 30వ పేజీలో, అర్జీల పాఠంలో, ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ వుడ్ సైన్ ది ఫారమ్’ అని అదే నోట్సు రాసింది. పదిపేజీల తేడాలో సొంత సూత్రాన్నే తన్నేసింది. పాఠకుడు ఏది నమ్మాలి?

రెండోదీ సరైనదే. అక్కడి ‘వుడ్’ రాబోయే కాలానిది కాదు, ఒప్పుదలది. ‘మీరు ఒప్పుకుని సంతకం పెడితే’ అని అర్థం. ఎదుటివాళ్ల మంచి మనసు మీద ఆధారపడే పని అయితే ‘ఇఫ్ యూ వుడ్’ నిక్షేపంగా వస్తుంది. ఆసుపత్రి రిసెప్షన్‌లో ‘ఇఫ్ యూ వుడ్ టేక్ ఎ సీట్, ది డాక్టర్ విల్ సీ యూ సూన్’ అంటారు. వాన పడటానికి మంచి మనసు అక్కర్లేదు, కాబట్టి ‘ఇఫ్ ఇట్ వుడ్ రెయిన్’ ఇక్కడ చెల్లదు.

ఇంకా అందమైన వాడుక ఒకటుంది, దాన్ని వీళ్లు పట్టించుకోలేదు. ‘ఇఫ్ యూ కుడ్ జస్ట్ సైన్ హియర్...’ అని సగంలో వదిలేయడం. బ్యాంకుల్లో, హోటల్ కౌంటర్లలో రోజంతా వినిపించే మాట. పుస్తకం ప్రకారం అసంపూర్ణ వాక్యం, రెండో సగం లేదు. మనకు దీన్ని వివరించాల్సిన పనే లేదు: ‘ఇక్కడ ఓ సంతకం పెడితే...’ అని సాగదీసి ఊరుకుంటాం కదా, అచ్చం అదే. ‘బాగుంటుంది’, ‘పనైపోతుంది’ అన్నవి ఎదుటివాళ్లే పూరించుకుంటారు. తెలుగులో ఎంత సహజమో ఇంగ్లిష్‌లోనూ అంతే. చివర గొంతు పూర్తిగా దించెయ్యకుండా కాస్త గాలిలో ఉంచాలి.

అర్జీలు, ఈమెయిళ్ల పాఠంలో ఒక్క సవరణ తప్పదు. ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్ యూ కుడ్ రిప్లై’ అని మూడు చోట్ల ఉంది. ‘అప్రీషియేట్’ తర్వాత ‘ఇట్’ ఉండాలి: ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యూ కుడ్ రిప్లై బై ఫ్రైడే’. ఆ క్రియకు కర్మ లేనిదే నడవదు, ‘ఇఫ్’ వాక్యం కర్మ స్థానంలో కూర్చోదు. ‘కైండ్లీ డు ది నీడ్‌ఫుల్’ని మానమని నోట్సు చెప్పింది. మన ఆఫీసుల వరకూ అది నడుస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. బయటి కంపెనీకి రాసేటప్పుడు చిక్కు మర్యాద గురించి కాదు. ‘నీడ్‌ఫుల్’ అంటే ఏ పని చెయ్యాలో వాళ్లకు తెలియదు. ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో చెప్పి ‘కుడ్ యూ’ పెడితే చాలు.

ఇక 34 నుంచి 45 దాకా కోరికల పాఠం. 80 రూపాయల్లో 60 దీనికే ఇవ్వొచ్చు. రాసిందెవరో గానీ, ఇక్కడ గ్రామర్ పేర్లు పక్కన పెట్టి తెలుగు చెవిని నమ్ముకున్నారు. మూడు వాక్యాలు వరసగా వేశారు, పాలకొండ బస్సు గురించి.

‘బస్సు టైముకు వస్తే బాగుంటుంది’ అంటే రావచ్చనే ఆశ. ఇంగ్లిష్‌లో ‘ఐ హోప్ ది బస్ కమ్స్ ఆన్ టైమ్’.
‘బస్సు టైముకు వస్తే బాగుండును’ అంటే రాదని తెలిసీ కోరుకోవడం. ‘ఐ విష్ ది బస్ వుడ్ కమ్ ఆన్ టైమ్’.
‘బస్సు టైముకు వచ్చుంటే బాగుండేది’ అంటే అయిపోయింది, రాలేదు. ‘ఐ విష్ ది బస్ హాడ్ కమ్ ఆన్ టైమ్’.

‘ఉంటుంది’, ‘ఉండును’, ‘ఉండేది’. ఈ మూడు ముగింపులను పుట్టి పెరిగిన తెలుగువాళ్లెవరూ తారుమారు చెయ్యరు. అవే ‘హోప్’, ‘విష్’, వెనక్కి వేసిన ‘విష్’. జరిగే ఆశ ఉంటే ‘హోప్’, లేకపోతే ‘విష్’ అన్నదే అసలు గీత. ‘ఐ విష్ ఐ విల్ గెట్ ది జాబ్’ అని ఇంటర్వ్యూ చివర్లో అనేవాళ్లు ఆ గీతకు తప్పు పక్క నిలబడుతున్నారు. అక్కడ రావాల్సింది ‘ఐ హోప్ ఐ గెట్ ది జాబ్’.

‘విష్’ తర్వాత ఏ క్రియ రావాలన్నది ఈ పాఠంలో ఒక పేజీకి కుదించారు, బాగా కుదించారు. లేనిదాన్ని ఉంటే బాగుండుననుకుంటే మామూలు భూతకాలం: ‘ఐ విష్ ఐ హాడ్ ఎ బైక్’. చేతకానిదాన్ని చేతనైతే బాగుండుననుకుంటే ‘కుడ్’: ‘ఐ విష్ ఐ కుడ్ స్విమ్’. నాగావళి ఒడ్డున ఉండీ ఈత రానివాళ్లకు పనికొచ్చే వాక్యం. ఇతరులో, వానో బస్సో మారాలని కోరుకుంటే ‘వుడ్’. తన గురించి తాను కోరుకునేటప్పుడు ‘ఐ విష్ ఐ వుడ్’ కుదరదు, ఎందుకంటే అక్కడి ‘వుడ్’ మళ్లీ ఒప్పుదలదే. ఒప్పుకోవాల్సింది మనమే అయినప్పుడు ఎవరిని వేడుకుంటాం? ‘ఐ విష్ ఐ వర్’, ‘ఐ విష్ ఐ వాజ్’ రెండూ నడుస్తాయనీ, రాతలో ‘వర్’ మేలనీ చెప్పారు. సరైన మాట.

జరిగిపోయినవాటికి ఇచ్చిన ఉదాహరణలు మాత్రం చప్పగా ఉన్నాయి, అన్నీ పరీక్ష తప్పడం గురించే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసిన జిల్లా ఇది. ‘ఇఫ్ తిత్లీ హాడ్ నాట్ కమ్, దీజ్ ట్రీస్ వుడ్ స్టిల్ బి స్టాండింగ్’ అన్న ఒక్క వాక్యం చాలు, ‘హాడ్’ గతానికీ, ‘వుడ్’ నేటికీ ఎలా అతుకుతాయో చూపడానికి. ‘తిత్లీ రాకపోయుంటే ఈ చెట్లు ఇప్పటికీ నిలబడి ఉండేవి.’ గతంలో జరిగింది ఇవాళ్టి లోటుగా మిగిలినప్పుడు ఈ కలగలుపు వస్తుంది. పట్టికలోని సెకండ్, థర్డ్ గదుల్లో దీనికి చోటు లేదు.

41వ పేజీలో పెద్ద ప్రమాదం ఉంది. ‘ఐ విష్ యూ వుడ్ కమ్ ఆన్ టైమ్’ని మర్యాదైన అభ్యర్థనల్లో వేశారు. అది అభ్యర్థన కాదు, దెప్పిపొడుపు. ‘కాస్త టైముకొస్తే బాగుండును కదా’ అని ముఖం మీద అన్నట్టు. బస్సును అనొచ్చు, మనిషిని అంటే గొడవే. పై అధికారితో అసలు వద్దు. అదే మాట మెత్తగా కావాలంటే ‘కుడ్ యూ కమ్ ఎట్ టెన్ టుమారో?’ అని మొదటి పాఠానికి వెళ్లిపోవాలి. అలాగే 43లో ‘ఇఫ్ ఓన్లీ’, ‘ఓన్లీ ఇఫ్’ రెండింటినీ ఒకే చోట పెట్టి ఒకే అర్థం రాశారు. మొదటిది ‘అయ్యో, అలా అయి ఉంటేనా!’ అనే నిట్టూర్పు. రెండోది ‘అయితేనే’ అనే షరతు. ‘ఇఫ్ ఓన్లీ హి వుడ్ పే’ని ‘ఓన్లీ ఇఫ్ హి పేస్’ అని తిప్పితే కోరిక కాస్తా బేరం అవుతుంది.

‘హాడ్ బెటర్’ను సలహాల పాఠంలో వేసి ‘చేస్తే మంచిది’ అని తెలుగు ఇచ్చారు. ఆ తెలుగు మెత్తన, ఆ ఇంగ్లిష్ గట్టిది. ‘యూ హాడ్ బెటర్ వెయిట్, సర్’ అంటే ‘ఆగితే మంచిది, లేకపోతే చూస్కోండి’ అనే బెదిరింపు వాసన వస్తుంది. హోటల్లో, ఓడ మీద, ఆసుపత్రిలో అతిథులతో దీన్ని వాడొద్దు. ‘యూ మైట్ వాంట్ టు వెయిట్’ అంటే సరిపోతుంది. ‘వుడ్ రాదర్’కు ఇచ్చిన అరపేజీ ఫర్వాలేదు: మన గురించైతే ‘ఐడ్ రాదర్ గో’, ఎదుటివాళ్ల గురించైతే క్రియ వెనక్కి, ‘ఐడ్ రాదర్ యూ వెంట్’.

ఉచ్చారణకు ఇచ్చినవి రెండు పేజీలే, అవీ తప్పులతడక. ‘కుడ్’ను ఒకచోట ‘కౌల్డ్’ అని తెలుగులో అచ్చేశారు. ‘కుడ్’, ‘వుడ్’, ‘షుడ్’ మూడింట్లోనూ ఎల్ పలకదు. కలప ‘వుడ్’కీ ఈ ‘వుడ్’కీ శబ్దంలో తేడా లేదు. మన నోట్లో ‘వు’ జారి ‘ఉడ్’ అయిపోతుంటుంది. పెదాలు ఈల వేసేటంత గుండ్రంగా చుట్టి, వదులుతూ పలికితే సరిపోతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు ‘వుడ్ యూ’, ‘కుడ్ యూ’ కలిసి ‘వుజ్యూ’, ‘కుజ్యూ’ అవుతాయి. అలా పలకడం తప్పనిసరి కాదు గానీ, అలా వినిపిస్తుందని తెలియకపోతే సగం ప్రశ్నలు అందవు. ఇంకొకటి, ‘ప్లీజ్’ను వాక్యం చివర ఒత్తి పలికితే విసుగు అవుతుంది. ‘కుడ్ యూ సిట్ డౌన్, ప్లీజ్’లో బరువు ‘డౌన్’ మీద ఉండాలి.

క్లాసుల సంగతి. రోజూ ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, బల్లకు ముగ్గురు చొప్పున సుమారు 30 మంది. చివరి 20 నిమిషాలు ఇద్దరిద్దరుగా మాట్లాడిస్తారు: ఒకరు బ్యాంకు కౌంటరు, ఒకరు ఖాతాదారు, తర్వాత తారుమారు. పద్ధతి మంచిది. అంత మందిలో ఒక్కొక్కరికి రెండు వంతులకు మించి రావు. దిద్దడం కూడా క్రియ వరకే, జవాబు చెప్పే తీరును పట్టించుకోరు. తొలి మూడు క్లాసులు ఆ తొమ్మిది పేజీల పట్టికకే పోతాయి. ఇప్పటికే డిగ్రీ చదివినవాళ్లు ఇదంతా చూసుకుంటే 900 పెట్టడం కన్నా 80కి నోట్సు కొనుక్కుని, తోడు ఒక మనిషిని పెట్టుకోవడం లాభం. రోజుకు ఇంట్లో అనే పది కోరికలు తెలుగులోనే రాసుకోవాలి, ‘కాస్త ఫ్యాను వెయ్యరూ’, ‘రేపు రెండు గంటలు ముందు వెళ్లొచ్చా’ లాంటివి. ఒక్కోదాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో ముందు తేల్చి, ఆ తర్వాతే ఇంగ్లిష్ చెయ్యాలి. తోడున్నవాళ్లు జవాబు చెప్పి తీరాలి, ‘నో’తో సహా. ఇంగ్లిష్ మాట్లాడాలంటేనే బెరుకున్నవాళ్లకు మాత్రం బ్యాచే మంచిది. ఆ 20 నిమిషాలు ఇంట్లో దొరకవు.

కొన్నవాళ్లు పెన్ను పట్టుకుని ముందుగా దిద్దుకోవాల్సినవి: 12వ పేజీలో ‘టు ఓపెన్’ను ‘ఓపెనింగ్’గా, 20వ పేజీ పెట్టెలో ‘ఎన్నడూ’ను ‘మామూలుగా’గా మార్చాలి. 30, 31 పేజీల్లో ‘అప్రీషియేట్’ ఉన్న మూడు చోట్లా ‘ఇట్’ చేర్చాలి. 41లోని ‘ఐ విష్ యూ వుడ్ కమ్ ఆన్ టైమ్’ను అభ్యర్థనల్లోంచి తీసెయ్యాలి. జవాబుల పేజీలో ఏడో ప్రశ్నకు ‘యెస్, ఐ కుడ్’ అని ఉంది, కొట్టెయ్యాలి. చివరగా అట్ట. 38వ పేజీలో ‘ఐ విష్ ఐ వుడ్’ తప్పని వాళ్లే చెప్పారు కాబట్టి, ముందున్న పెద్ద అక్షరాల్లో ‘వుడ్’ తీసి ‘కుడ్’ రాసుకోవాలి. నీలం అట్ట మీద నల్ల స్కెచ్ పెన్ అయితేనే కనిపిస్తుంది.